తాళం బదులు మనిషి

బ్రేకర్ హ్యాండిల్ కిందికి దించి ఉంది. దానికి ఎర్ర బోర్డు వేలాడుతోంది, బోర్డు ముందు స్టూలు, స్టూలు మీద కరెంటాయన. బిల్డింగులో పెద్దవాళ్ళందరికీ ఆయన కరెంటాయన, పిల్లలకి కరెంటు తాత. బేస్‌మెంట్‌లో పట్టపగలు కూడా చీకటే, సప్లై తీసేశాక గోడకి తగిలించిన బ్యాటరీ దీపం ఒక్కటే నీరసంగా వెలుగుతోంది. బోర్డు మీద ‘మనిషి పనిలో ఉన్నాడు, వెయ్యకండి’ అని రాసి ఉంది గానీ బోర్డు మాట ఎవరు వింటారు, చదివేవాడికి అది బోర్డు, చదవనివాడికి అట్టముక్క. మామూలుగా అయితే హ్యాండిల్ పక్కన రంధ్రమున్న చిన్న ఇనప చెవి ఒకటి ఉండాలి, అందులోంచి తాళం వేసి, తాళంచెవి పనిచేసేవాడు తన జేబులోనే వేసుకుపోవాలి, అప్పుడు ఎవడొచ్చి ఎంత గింజుకున్నా హ్యాండిల్ పైకి లేవదు. బిల్డింగు పుట్టిననాటి బ్రేకర్ ఇది, ఆ చెవి ఎప్పుడో విరిగి ఊడిపోయింది, కొత్తది వస్తోంది వస్తోంది అంటున్నారు, అది ఇంకా వస్తూనే ఉంది. తొమ్మిదో అంతస్తులో రాగి పట్టీల జాయింటు వేడెక్కి మాడు వాసన కొడుతుంటే ఆ వాసనకి కొత్త భాగం వచ్చేదాకా ఆగే ఓపికెక్కడిది. అందుకని ఆదివారం మధ్యాహ్నం చూసి బిల్డింగు మొత్తం ఆపేశారు. అందుకని తాళం బదులు మనిషి. జనరేటర్ వేసినా ఆ కరెంటు కూడా అదే దారిన పోతుంది కాబట్టి దానికీ ఇవాళ సెలవే, దాని తాళంచెవి కరెంటాయన చొక్కా జేబులో గుండెకి చల్లగా తగులుతోంది.

పైన, తొమ్మిదో అంతస్తులో, మెట్ల పక్కనున్న బీరువా అంత గదిలో ఆయన వియ్యంకుడు కూర్చుని ఉంటాడు. కూర్చుని అంటే ఒంటికాలు మడిచి, భుజం లోపలికి దూర్చి. అరచేయి వెడల్పు రాగి పట్టీలు నాలుగు, కింద నుంచి పైదాకా నిలువునా పోతాయి ఆ గూట్లోంచి, ఒక్కో అంతస్తుకీ అక్కణ్ణించే చీలుతుంది కరెంటు. జాయింటు విప్పాలి, నల్లబడినచోట గీకి తుడవాలి, కొత్త బోల్టులు వేసి బిగించాలి. అదంతా కరెంటాయన కళ్ళు మూసుకుని చెప్పగలడు, ఆ గూటి గోడ మీద సిమెంటు పెచ్చు ఎక్కడ ఊడిందో కూడా. వేళ్ళకి ఇంకా తెలుసు. వేళ్ళకి తెలిసి ఏం లాభం, అవి ఒకచోట నిలబడితే కదా. ఇప్పుడు ఒళ్ళో పెట్టుకుని ఒకదానిమీద ఒకటి అదిమి పట్టుకున్నాడు, అయినా లోపల ఏదో చిన్న మోటారు తిరుగుతున్నట్టు వణుకుతూనే ఉన్నాయి. వెళ్ళేముందు వియ్యంకుడు తలమీద దీపం బిగించుకుంటూ, “గంటలో వచ్చేస్తాను బావగారూ,” అన్నాడు. “మీరే రావాలి,” అన్నాడు ఈయన. “నేనే వస్తాను, నా దెయ్యం రాదు లెండి,” అని నవ్వుతూ మెట్లెక్కాడు. లిఫ్టు లేదుగా. అడుగుల చప్పుడు కాసేపు వినబడి, పైకి పైకి పోయి, ఆగిపోయింది.

కరెంటు పోయిన బిల్డింగుకి చెవులొస్తాయి. రోజూ పంపులూ ఫ్యాన్లూ ట్రాన్స్‌ఫార్మరూ కలిసి ఒకటే రొద, ఆ రొదలో ఇన్నేళ్ళు బతికి అదే నిశ్శబ్దం అనుకున్నాడు ఆయన. ఇప్పుడు ఎక్కడో గొట్టంలో నీటిచుక్క పడటం వినిపిస్తోంది, ఎవరో పిల్లవాడు ఏ అంతస్తులోనో చెప్పుల్లేకుండా పరిగెత్తడం, ఎవరో కుర్చీ జరపడం. తన ఊపిరి కూడా. ఊపిరి బాగానే ఉంది, కళ్ళు బాగానే ఉన్నాయి, కాళ్ళు ఫర్వాలేదు, తిన్నది అరుగుతోంది, ఒక్క చేతుల దగ్గరే ఎందుకో శీతకన్ను. మొదటిసారి తెలిసింది ఒక చిన్న స్క్రూ దగ్గర. మూడో అంతస్తులో ఎవరింట్లోనో స్విచ్చు బిగిస్తుంటే స్క్రూ పడిపోయింది, తీశాడు, మళ్ళీ పడింది, మళ్ళీ తీశాడు, ఆ ఇంటావిడ పాపం మర్యాదస్తురాలు, గోడ వైపు తిరిగి పటం సర్దుతున్నట్టు నటించింది. ఆ పూట ఇంటికొచ్చి భార్యతో చెప్పలేదు. చెప్పాల్సిన పని రాలేదు, టీకప్పు చెప్పేసింది, సాసరు మీద అది టకటకలాడుతుంటే ఆవిడ చూసి చూసి, “ఇకనుంచి చెంచా వెయ్యను, పంచదార వేసి మీ చేతికిస్తే చాలు, అదే కలిసిపోతుంది,” అంది. నవ్వు ఆపుకోలేక టీ అంతా చొక్కా మీద పోసుకున్నాడు. ఆ నవ్వు తర్వాత ఆవిడ గిన్నెలు కడిగే చోటికి వెళ్ళి చాలాసేపు కొళాయి కట్టకుండా నిలబడింది, అదీ విన్నాడు. డాక్టరు ప్రాణానికేం ముప్పు లేదన్నాడు, కొంతమందికి వస్తుంది, ఉంటుంది, అంతే అన్నాడు. అంతే అన్నమాట ఎంత బాగుంది, ఎంత బాగాలేదు. ప్రాణానికి ముప్పు లేనందుకు సంతోషించాడు. సంతోషించి బయటికొచ్చి బస్టాపులో నిలబడితే, ఇక ఈ చేతులతో కరెంటు దగ్గరికి ఎవరు పోనిస్తారు అన్నది అప్పుడు తట్టింది.

ఎవరూ పోనివ్వరు, పోనివ్వకూడదు కూడా. సూపర్‌వైజర్ మంచివాడే, గొంతు తగ్గించి, ఇక మీరు ఇంటిపట్టున ఉండటం మంచిదేమో అన్నాడు. అప్పుడు వియ్యంకుడు, పక్కనే వైరు చుట్టుకుంటూ, తల కూడా ఎత్తకుండా, “కింద ఆయన ఉంటేనే నేను పైన చెయ్యి పెడతాను, లేకపోతే మీరే పెట్టుకోండి,” అన్నాడు. సూపర్‌వైజర్ నవ్వి ఊరుకున్నాడు, ఊరుకోవడమే ఒప్పుకోవడమైంది. అప్పటినుంచీ ఇదే ఉద్యోగం. స్విచ్చు దగ్గర నిలబడటం, నిచ్చెన పట్టుకోవడం, కొత్తవాళ్ళకి ఏ వైరు ఎక్కడికి పోతుందో చెప్పడం. ఆ పూట ఆయన ఎంత పొంగిపోయాడో అంత నొచ్చుకున్నాడు. బావగారు కదా, కొడుకుని ఇచ్చి కూతుర్ని ఇంటికి తీసుకెళ్ళినవాడు కదా, కోడలి తండ్రి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే చూడలేక ఒక మాట వేశాడు. జాలి. జాలికి కూడా దణ్ణం పెట్టాలి, పెట్టాడు, రోజూ లోపల్లోపల పెడుతూనే ఉన్నాడు, అన్నం దొరికింది, పని బట్టలు ఒంటిమీద ఉన్నాయి, పొద్దున్నే వెళ్ళడానికి ఒక చోటుంది. అయినా రాత్రి పక్కమీద వాలగానే పంటికింద రాయిలా ఆ మాట తగులుతుంది, తను నిజంగా పనికొస్తున్నాడా, లేక పనికొస్తున్నట్టు అందరూ కలిసి నటిస్తున్నారా, గోడ వైపు తిరిగి పటం సర్దినావిడలాగా.

తలుపు దగ్గర వెలుతురు కదిలింది. బిల్డింగు మేనేజరు, ఫోను దీపం పట్టుకుని. మనిషి సన్నగా ఉంటాడు, ఎప్పుడూ ఎవరికో సమాధానం చెప్పుకోవాల్సిన మొహం. “పెద్దాయనా, ఇంకెంతసేపు?” అన్నాడు. కింద బేకరీ ఆవిడ ఫ్రిజ్జు తలుపు తెరవకుండా కాపలా కూర్చుందట, క్రీమంతా కారిపోతుందని బెంగ. పై అంతస్తు మామ్మగారు ఆసుపత్రి నుంచి వచ్చి చక్రాల కుర్చీలో లిఫ్టు ముందే ఉన్నారట, ఎక్కించడానికి లేదు, కూతురు కాలు కాలిన పిల్లిలా తిరుగుతోందట. “అతను దిగి రాగానే బాబూ. దిగి రావడమే ఆలస్యం,” అన్నాడు కరెంటాయన. మేనేజరు సరేనని తలూపి వెళ్ళిపోయాడు. పాపం మామ్మగారు. ఆవిడ వంటింట్లో ట్యూబులైటు మార్చడానికి వెళ్ళినప్పుడల్లా ముందు కుర్చీ చూపించి మంచినీళ్ళిస్తుంది, పని తర్వాత అంటుంది. ఎన్ని ఇళ్ళు, ఎన్ని గ్లాసుల నీళ్ళు. ఈ పని వల్ల మనుషుల ఇళ్ళల్లోకి ఎంత లోపలిదాకా వెళ్ళాడు, పడకగది, దేవుడి గది, ఎవరికీ చూపించుకోని మూల. ఐదో అంతస్తులో ఒకాయన ఉండేవాడు, చూపు లేదు, ఒక్కడే ఉండేవాడు. ఇంట్లో ఒక్క బల్బు వెలగడం లేదు, అన్నీ మార్చమని కబురు పెట్టాడు. మారుస్తూ ఈయన నోరు జారి, మీకెందుకండీ ఇన్ని అనేశాడు. ఆయన ఏమీ అనుకోలేదు, “నాకేముంది, వచ్చినవాళ్ళు తడుముకుంటున్నారు,” అన్నాడు. ఒక్కో బల్బు వెలిగించినప్పుడల్లా, “వచ్చిందా?” అని అడిగాడు. వచ్చిందండీ అంటే అటువైపు మొహం తిప్పి చూసినట్టు చూసేవాడు. ఆ మొహం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు వెచ్చగా అవుతుంది. ఏం చదువుకున్నాడని, ఏం సంపాదించాడని, అలాంటి మొహం చూసే యోగం తనకి.

అంతా ఆ లావుపాటి మేస్త్రి పుణ్యం. ఏ పనీ చేతకాక ఊరికే తిరిగే రోజుల్లో, ఎవరి ఇంటి మేడమీదో ఆయన వైరు లాగుతుంటే నిలబడి చూస్తున్నాడు. “చూడ్డమేనా, ఆ చివర పట్టుకుంటావా?” అన్నాడు మేస్త్రి. పట్టుకున్నాడు. పట్టుకున్న వైరు ఇంతదూరం లాక్కొచ్చింది. మేస్త్రికి పొట్ట అడ్డమొచ్చేది, ఇరుకు చోట్లకి ఈయన్ని పంపి బయట నుంచి తిట్లతో పాఠం చెప్పేవాడు. టెస్టరు చచ్చిన వైరుకి పెట్టేముందు బతికిన వైరుకి పెట్టి చూడరా, టెస్టరే చచ్చుంటే నీకెవడు చెప్తాడు. తాళం ఉంటే తాళం పెట్టు. తాళం లేకపోతే మనిషిని పెట్టు. మనిషి కూడా లేకపోతే సంచీ సర్దుకుని ఇంటికి పో, పెళ్ళాం సంతోషిస్తుంది. ఇదంతా ఆయన వెక్కిరింతగానే అనేవాడు, ఈయన నవ్వుతూనే నేర్చుకున్నాడు. ఒకసారి మాత్రం నవ్వలేదు మేస్త్రి. వేరే బిల్డింగులో, ఎవరో పనివాడు లోపల ఉండగా ఇంకెవరో అయిపోయిందనుకుని వేశారని కబురొచ్చింది. మేస్త్రి అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టకుండా, “అనుకున్నాడట,” అన్నాడు.

తర్వాత ఈయన పెద్దవాడయ్యాడు, ఈయన కిందికి వియ్యంకుడొచ్చాడు. అప్పటికి వియ్యంకుడెక్కడ, పీలగా, చెవులు పెద్దగా, ఏరా అంటే ఏంట్రా అనే తోటి పనివాడు. ఒకనాడు పైన ఈయన, కింద స్విచ్చు దగ్గర అతను. పని ఎంతకీ తెమలలేదు, దిగి వచ్చి చూస్తే అతను మొహం బిగబట్టుకుని నిలబడి ఉన్నాడు, కాళ్ళ దగ్గర నీళ్ళ సీసా మూత గట్టిగా బిగించి ఉంది, అందులో ఉన్నవి నీళ్ళు కావు. “ఏం చెయ్యమంటావ్? నువ్వు పైన, ఇది కింద. ఏది ముందు?” అన్నాడు. నెలరోజులు ఆ సీసా కథ చెప్పుకుని నవ్వారు. ఇప్పుడు కరెంటాయన స్టూలు మీద కాలు మార్చి కూర్చున్నాడు. ఆ కథ తలుచుకోకుండా ఉండాల్సింది. వయసుతో వచ్చిన జబ్బుల్లో అదొకటి, పక్కగదిలో పంపు తిరిగినా కడుపు బరువెక్కుతుంది, ఇప్పుడు ఆ నీటిచుక్క టప్పు టప్పుమని ఒకటే పోరు. బాత్రూము ఎంతో దూరం లేదు, కారు పార్కింగు దాటితే చాలు. చాలు గానీ తాళం లేచి బాత్రూముకి పోతుందా. నవ్వొచ్చింది, నవ్వితే మరీ ప్రమాదమని ఆపుకున్నాడు.

పిల్లలిద్దరూ ఒకరినొకరు ఇష్టపడుతున్నారని తెలిసిన రోజున ఇద్దరు తండ్రులూ నిచ్చెనకి చెరో వైపు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. కూతురు మధ్యాహ్నం అన్నం క్యారియరు తెచ్చేది, వాళ్ళబ్బాయి వాళ్ళ నాన్నకి తెచ్చేవాడు, క్యారియర్లు ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ గేటు దగ్గర నిలబడేవాళ్ళు, కళ్ళెదురుగా ఉన్న సర్క్యూటు ఇద్దరు కరెంటు పనివాళ్ళకి కనిపించలేదు. పెళ్ళయ్యాక ఈయన భార్య గట్టిగా చెప్పింది, ఇక ఏరా పోరా కుదరదు, అమ్మాయి అత్తవారి ముందు మర్యాదగా ఉండాలి అని. మర్నాడు పనిలో, పైనుంచి, “బావగారూ, ఆ స్పానర్ కాస్త ఇలా ఇప్పిస్తారా?” అని వినబడింది. “తప్పకుండా బావగారూ, తమరు పుచ్చుకోండి,” అన్నాడు ఈయన. నిచ్చెన ఊగిపోయేలా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే అలవాటైపోయింది, ఇప్పుడు ఇంకోలా పిలవాలన్నా నోరు తిరగదు. అమ్మాయి ఆ ఇంట్లో సుఖంగా ఉంది. సుఖంగా ఉంది అనే ఈ రెండు మాటలు ఎన్నిసార్లు నమిలినా తియ్యదనం పోదు. మొన్న వెళితే సోఫా మీద బాసింపట్టు వేసుకుని మామగారితో ఏదో వాదిస్తోంది, మామగారు ఓడిపోతూ మురిసిపోతున్నాడు, ఒళ్ళో అయిదునెలల మనవరాలు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. అమ్మాయి పుట్టింట్లో కూడా అంత ధీమాగా కూర్చోలేదేమో.

గంట దాటింది. గడియారం చూడక్కర్లేదు, బ్యాటరీ దీపం పచ్చబారడం చూస్తే తెలుస్తోంది. మెట్ల వైపు చెవి పెట్టాడు. ఇందాక అప్పుడప్పుడూ గూట్లోంచి ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు సన్నగా జారి వచ్చేది, అది ఆగిపోయి చాలాసేపైంది. ఆగింది అంటే పని అయినట్టు. పని అయితే దిగాలి. దిగుతుంటే అడుగులు వినబడాలి. ఫోను చేద్దామంటే బేస్‌మెంట్‌లో ఒక్క గీతైనా రాదు, ఇంటర్‌కామ్ కరెంటుతోపాటే పోయింది. దాహం వేసి ఎక్కడైనా ఆగాడేమో. ఎవరైనా మాటల్లో పెట్టారేమో. అనుకోవడం మొదలుపెట్టావా, అని మేస్త్రి కసిరినట్టయింది.

మేనేజరు పరుగున వచ్చాడు. ఈసారి మొహం విప్పారి ఉంది. “అయిపోయిందట పెద్దాయనా! వేసెయ్యండి!”

“ఎవరన్నారు?”

“నేనే మెట్ల దగ్గర నిలబడి పైకి కేకేశాను, అయిపోయిందా అని. పైనుంచి అయిపోయింది అన్నారు. నా చెవులతో విన్నాను.”

కరెంటాయన లేచి నిలబడ్డాడు. వీపు హ్యాండిల్‌కి ఆనింది. “అతను రాలేదుగా బాబూ.”

“వస్తారు. దిగేసరికి టైము పడుతుందిగా, ఇన్ని మెట్లు. ఈలోగా మనం వేస్తే ఆయన లిఫ్టులోనే వస్తారు. మామ్మగారు కళ్ళు తేలేస్తున్నారండీ, పుణ్యం ఉంటుంది.”

ఎంత మంచి మాట. లిఫ్టులో వస్తాడు, నిజమే, అతనికి మోకాళ్ళు నొప్పి, మామ్మగారు పైకి, అతను కిందికి, బేకరీ ఆవిడ క్రీము గట్టిపడుతుంది, తను బాత్రూముకి పోవచ్చు. లోకమంతా హ్యాండిల్‌కి అవతలివైపు నిలబడి వెయ్యి వెయ్యి అంటోంది, ఇటువైపు అతనొక్కడే, మాటామంతీ లేకుండా. పనైపోయి ఉంటుంది. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు అయిపోయే ఉంటుంది. తను కాదంటే ఏమంటారు, ముసలాయనకి చేతులతోపాటు బుర్ర కూడా వణుకుతోంది అంటారు. మేనేజరు చెయ్యి అప్పటికే కాస్త ముందుకొచ్చింది, దురుసుగా కాదు, సాయం చేద్దామని, వణుకుడు చేతులాయనకి బరువు హ్యాండిల్ ఎత్తి పెడదామని. కరెంటాయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు, ఆయన వణుకు మేనేజరు మోచేతిదాకా పాకింది.

“బాబూ, మీకు దణ్ణం పెడతాను. లోపలికి వెళ్ళినవాడు తన కాళ్ళమీద వచ్చి నా ఎదురుగా నిలబడి వెయ్యమంటే తప్ప ఇది లేవదు. దేవుడు దిగొచ్చి అయిపోయిందన్నా లేవదు. నాకు భయంగా ఉంది, చప్పుడు ఆగి చాలాసేపైంది. నేను ఇక్కణ్ణించి కదలకూడదు. మీరొక్కసారి పైకెళ్ళి చూసిరండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

మేనేజరు ఆ మొహంలోకి ఒక క్షణం చూశాడు. బూట్లు బరువని అక్కడే విప్పేసి, మేజోళ్ళతో మెట్లకేసి పరిగెత్తాడు.

ఇక మిగిలింది ఆ బూట్లూ, తనూ. బూట్లు ఒకటి బోర్లా పడింది, వంగి సరిగ్గా పెట్టాడు, వెంటనే మళ్ళీ హ్యాండిల్‌కి వీపు ఆనించాడు. గుండె అయి ఉంటుందా, అతనికి గుండెజబ్బేమీ లేదే, లేదని ఎవరు చూశారు, ఇరుకులో ఊపిరాడక పడిపోయాడా, పట్టీ అంచు కోసుకుని రక్తం పోయిందా. తనే వెళ్ళుంటే, ఈ చేతులు బాగుంటే, అక్కడ ఉండాల్సింది తను కదా. అమ్మాయికి ఏమని చెప్పాలి. సోఫాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్న పిల్లకి, మీ మామగారు అని మొదలుపెట్టి ఆ తర్వాత ఏ మాట వాడాలి. మనవరాలు ఎవరి ఒళ్ళోంచి ఎవరిని చూస్తుంది. జాలిపడ్డాడని నొచ్చుకున్నాడు ఇంతకాలం, ఏం మనిషి తను, ఒకరు చెయ్యి అందిస్తే ఆ చెయ్యి ఎందుకందించాడా అని ఆరాలు తీశాడు. జాలైతే జాలే. అతను దిగి వస్తే చాలు, ఇంకో వందసార్లు జాలిపడనీ, రోజూ పడనీ, నలుగురి ముందూ పడనీ. ఎన్నిసార్లు ఇలాంటి గూళ్ళల్లోకి దూరి తను ఇంటికి తిరిగొచ్చాడు, అన్నిసార్లూ కింద ఎవరో ఒకరు కదలకుండా నిలబడ్డారు కాబట్టే వచ్చాడు, కాళ్ళు లాగుతున్నా, ఆకలేస్తున్నా, సీసాలో పోసుకునైనా. వాళ్ళందరికీ ఎప్పుడైనా చెప్పాడా ఒక్క మంచిమాట. చెయ్యి కడుక్కుని, ఆకలేస్తోందిరా పద, అనేవాడు. అంతే. ఇప్పుడు చెప్తున్నాడు, ఒక్కొక్కరినీ మొహం గుర్తు తెచ్చుకుని, మేస్త్రిని, మేస్త్రి తమ్ముణ్ణి, నత్తివాణ్ణి, చెవులు పెద్దగా ఉన్న ఆ పీల కుర్రాణ్ణి. నువ్వు నిలబడ్డావు, నేను అన్నం తిన్నాను. నువ్వు నిలబడ్డావు, నాకు కూతురు పుట్టింది. నువ్వు నిలబడ్డావు. దీపం సన్నబడింది. నీటిచుక్క పడింది. ఎక్కడో పైన తలుపు కొట్టుకుంది.

అడుగులు. ఒక జతా, రెండా. రెండు. ఒకటి మెత్తగా, ఒకటి బరువుగా, ఒక్కో మెట్టుకీ ఆగుతూ. మోకాళ్ళ నొప్పి అడుగులు. ఆ నొప్పికి జన్మంతా రుణపడి ఉంటాను అనుకున్నాడు కరెంటాయన.

వియ్యంకుడు తలుపులో కనిపించాడు. తలమీద దీపం పక్కకి ఒరిగింది. చెంపమీద నిలువునా ఎర్రటి గీత. “వచ్చాను బావగారూ. పని అయిపోయింది, మూతలు వేసేశాను, సామాన్లు లెక్క చూసుకున్నాను. కాస్త ఆలస్యమైంది,” అన్నాడు, చూపు ఎక్కడో పెట్టి.

“కాస్తా?” అరిచాడు కరెంటాయన. “కాస్త అంటావేంట్రా! ప్రాణాలు పైకి పోయి వచ్చాయి ఇక్కడ! ఏం చేస్తున్నావ్ ఇంతసేపూ?”

వియ్యంకుడు చెంప రుద్దుకున్నాడు. మాట్లాడింది మేనేజరు. గోడకి ఆనుకుని, ఎగశ్వాసతో, చాలా మెల్లగా. “నిద్రపోతున్నారండీ. మూత తీసే ఉంది. చెయ్యి లోపల, ఆ రాగి పట్టీల మధ్యనే ఉంది. తల పట్టీకి ఆనించుకుని... గురకపెడుతున్నారు. అయిపోయింది అన్నది ఆరో అంతస్తులో రంగులేసే ఆయనట.” అని, తన కుడిచేతి వైపు చూసుకుని, దాన్ని తీసుకెళ్ళి జేబులో పెట్టుకున్నాడు.

కరెంటాయన స్టూలు మీద కూలబడ్డాడు.

“నిద్ర. అక్కడ,” అన్నాడు చివరికి.

“రాత్రంతా మీ మనవరాలు పడుకోనివ్వలేదండీ. భుజాన వేసుకుని హాల్లో తిరుగుతూనే ఉన్నాను. పడుకోబెట్టాక కూడా ఎప్పుడు లేస్తుందో అని చెవి అటే ఉంటుంది, ఇంట్లో కన్ను మూతపడటం లేదు ఈమధ్య.” అతను తప్పు చేసిన పిల్లాడిలా నేల చూస్తూ అన్నాడు. “బోల్టులన్నీ బిగించేశాను. మూతలు వేద్దామని ఒక్క నిమిషం తల ఆనించాను. అక్కడ కూర్చుంటే ఏంటో, ఏ బెంగా అనిపించలేదు బావగారూ. అంతే, పట్టేసింది.”

బిల్డింగు మొత్తంలో అంతకంటే ప్రమాదమైన చోటు ఇంకొకటి లేదు. అక్కడ, చంటిపిల్ల ఏడుపు కూడా అందని చోట, రాగి పట్టీ దిండు చేసుకుని ఆ మనిషి గురకపెట్టాడు. జాలితో కింద కూర్చోబెట్టిన మనిషిని నమ్మి ఎవడూ అంత గాఢంగా నిద్రపోడు. కరెంటాయన తిట్టాలనుకున్న తిట్లన్నీ వరుసలో నిలబడి ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు.

“ఇక వెయ్యండి బావగారూ,” అన్నాడు వియ్యంకుడు.

ఆయన లేచాడు. ఎర్ర బోర్డు తీసి వియ్యంకుడి చేతికిచ్చాడు. రెండు చేతులూ హ్యాండిల్ మీద వేశాడు, పాత బ్రేకర్, మొండిది, వణుకుతున్న చేతుల కింద అదీ వణికినట్టుంది. మేనేజరు ముందుకి రాబోయి మళ్ళీ తనే ఆగిపోయాడు. భుజం మొత్తం పెట్టి ఎత్తాడు. ధడాలున చప్పుడైంది, ట్యూబులైట్లు రెండుసార్లు రెప్పలల్లార్చి వెలిగాయి, పంపు మూలిగింది, పైన లిఫ్టు ఎక్కణ్ణించో కదిలింది, మేనేజరు బూట్లు చేత్తో పట్టుకుని మామ్మగారి దగ్గరికి పరిగెత్తాడు. కరెంటాయన మీటర్ల ముందు నిలబడి ముళ్ళు ఒక్కొక్కటీ లేచి నిలకడగా ఆగడం చూశాడు. బాగుంది. అంతా బాగుంది. ఆ తర్వాత మాట్లాడకుండా గబగబా కారు పార్కింగు దాటి వెళ్ళి, చాలా తీరిగ్గా తిరిగొచ్చాడు.

వచ్చేసరికి వియ్యంకుడు సంచీ సర్దుతున్నాడు. చెంపమీద పట్టీ అంచు గీత ఇంకా పోలేదు. ఇంటికెళ్ళాక అమ్మాయి అడిగితే ఏం చెప్తాడో.

“వచ్చే ఆదివారం ఎనిమిదో అంతస్తు జాయింటు కూడా చూడాలి బావగారూ,” అన్నాడు స్పానర్లు గుడ్డలో చుడుతూ. తల ఎత్తలేదు. “ఈసారి దిండు తెచ్చుకుంటాను.”

“తెచ్చుకోండి,” అన్నాడు కరెంటాయన.